ముక్కు పట్టుకో

టీవీలో మనిషి కనబడితే సారంగపాణి కాక పలకరించకుండా ఉండలేడు. మనిషి అంటే మనిషే. గీసిన బొమ్మల జోలికి పోడు. టీవీ జనాన్ని ఆయన రెండు జట్లు చేశాడు. ఉన్నోళ్లు, గీసినోళ్లు. ఉన్నోళ్లు వస్తే బనీను మీద అంగీ తొడుక్కునేవాడు. గీసినోళ్ల ముందు బనీనుతోనే కూర్చునేవాడు.

పాల్వంచలో కంపెనీ క్వార్టర్లలో మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. మా లైన్‌లో రంగుల టీవీ మొదట వాళ్లింటికే వచ్చింది. సెలవొస్తే పిల్లలమంతా అక్కడే. చాప మీద మేము, కుర్చీలో కాక, కిటికీ అవతల పొగగొట్టాలు. వార్తలు చదివే ఆమె నమస్కారం అనగానే కాక లేచి చేతులు జోడించేవాడు. మమ్మల్నీ లేపేవాడు.

"ఆడబిడ్డ దండం పెడితే ఎడ్ల లెక్క కూసుంటరేందిరా" అనేవాడు.

లేచేవాళ్లం. ఇప్పటికీ వార్తలు మొదలైతే నా మోకాళ్లు కొంచెం కదులుతాయి.

ఒకసారి ఆమెకు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. కాక వంటింట్లోకి కేకేసి మిరియాల చారు పెట్టమన్నాడు. సునంద చిన్నమ్మ గరిటెతోనే బయటికొచ్చింది.

"నేను దగ్గితే దవాఖానకు పో అంటవ్. ఆమె దగ్గితే చారా?"

కాక ఆలోచించాడు. "నువ్వు దవాఖానకు నడుస్తవు. ఆమె ఆ డబ్బాలకెల్లి ఎట్ల వస్తది" అన్నాడు.

చారు మేమే తాగాం.

కాక రిటైరయ్యాక ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు. నేనూ అదే వీధిలో ఉంటున్నాను. టీవీ గోడంత అయింది. అంగీ అలవాటు మాత్రం పోలేదు.

వాళ్ల పక్క వాటాలో గోరి అనే లంబాడీ అమ్మాయి కిరాయికి ఉంటుంది. భర్త తుల్సీరాం ఛత్తీస్‌గఢ్‌లో ఏదో ప్లాంటులో పని చేస్తాడు. అతను వెళ్లేనాటికి కూతురు కమ్లికి మాటలు రాలేదు. ఇప్పుడు గలగలా మాట్లాడుతుంది, కాకపోతే ఫోనులో గులాబీరంగు ఏనుగుపిల్లతో. ఏనుగు పాట మధ్యలో యాడ్ వస్తే తెర మూల వేలితో నొక్కి తోసేస్తుంది. వీడియో కాల్‌లో తండ్రి ముఖం కూడా పాట మధ్యలోనే వస్తుంది. దాన్నీ నొక్కి తోసేస్తుంది.

తుల్సీరాం మొదట్లో నవ్వాడు. లంబాడీలో తల్లిని యాడి అంటారు. "నువ్వు యాడి, నేను యాడ్" అన్నాడట గోరితో. తర్వాత నవ్వడం మానేశాడు. బిడ్డ తనను చూసి ఎవరో అనుకొని జడుసుకుంటదని, ఈసారి సెలవుకు రానన్నాడు. గోరి ఆ మాట చిన్నమ్మకు చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాక అంగీ బొత్తాలు పెట్టుకుంటూ విన్నాడు.

మర్నాటి నుంచి కాకకు పిచ్చి ముదిరింది. కమ్లిని పక్కన కూర్చోబెట్టుకొని, వార్తలామెను ముక్కు పట్టుకోమని అడగడం మొదలుపెట్టాడు. ఆమె వానల గురించి చెప్పుకుంటూ పోయింది. భద్రాచలం దగ్గర గోదావరి ఎంత పెరిగిందో చెప్పే ఆఫీసరును అడిగాడు. ఆయనా పట్టుకోలేదు. కాక అడగడం, "పట్టుకోదు" అని కమ్లి తలూపి నవ్వడం. రోజూ ఇదే ఆట.

చివరికి గీసినోళ్లతోనూ మాట కలిపాడు. "నీకు బారెడు ముక్కుంది గదనే, జర పట్టుకోరాదే" అని ఏనుగుపిల్లను బతిమాలాడు. అది పాడుకుంటూ పోయింది. ఏనుగు కోసం ఆయన అంగీ తొడుక్కున్న రోజు, ఇంక అయిపోయిందని చిన్నమ్మ నాతో అన్నది. నేను ఖమ్మంలో మంచి డాక్టరెవరని కనుక్కున్నాను.

ఆ సాయంత్రమే గోరి ఫోను మోగి, తెర మీద తుల్సీరాం ముఖం వచ్చింది. ఆ ఫోను కాకే చేయించాడని తర్వాత తెలిసింది. కమ్లి వేలు అప్పటికే తెర మూలకు పోతున్నది.

"తుల్సీరాం, ముక్కు పట్టుకో" అన్నాడు కాక.

తుల్సీరాం పట్టుకున్నాడు.

కమ్లి వేలు ఆగింది. ఫోను తిప్పి వెనక చూసింది. కాకను చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు. పిల్ల తనే మెల్లగా చెవి అన్నది. తుల్సీరాం చెవి పట్టుకున్నాడు. నాలుక అంటే చాపాడు. కప్ప అన్నది. అతను ఫోనును దేనికో ఆనించి, వరండాలో గెంతడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో హిందీలో ఏమైందని అడుగుతున్నారు.

"యాడీ, బాపు నా మాట ఇంటుండు" అని కమ్లి తల్లిని కేకేసింది.

కాక లేచి అరుగు మీదికి వచ్చాడు. నేనూ వచ్చాను. టీవీవాళ్లకు వినపడదని ఎప్పుడు తెలిసింది అని అడిగాను.

"నాకేమన్న పిచ్చా? మొదట్నుంచి ఎరికే."

"మరి ఇన్నేండ్లు?"

"నాది జనరల్ డ్యూటీ, ఆదివారం సెలవు. మీ నాయన నైట్ షిఫ్ట్ దిగొచ్చి పగలు పండుకునేటోడు. మీరు ఇంట్ల ఉంటే పండనిస్తరా? ఎట్లనో గట్ల నవ్వించి మా ఇంట్ల కూసోబెట్టాలె గద."

నేను అరుగు మీద కూర్చున్నాను.

లోపల తుల్సీరాం రొప్పుతున్నాడు. వచ్చే నెల సెలవు పెట్టి వస్తానని గోరికి చెబుతున్నాడు. నడిచి రావద్దట. బస్టాండు నుంచి ఇట్లానే గెంతుకుంటూ రమ్మంటున్నది కమ్లి.