మగ్గం తీసేసిన గది

గంగక్క ఇంట్లో ఒకరు నిలబడాలంటే ఇంకొకరు కూర్చోవాలి. వేళాకోళం కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆమెకున్నది ఒకటే గది, అందులో సగానికి పైగా గుంత మగ్గానిదే. భర్త ఉరుకుందు గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, ఆమె పొయ్యి దగ్గర నుంచి వాకిట్లోకి పోవాలన్నా "మామా, రోంత ఆపు" అనాలి. ఆయన ఆపితే, సాగదీసి కట్టిన పడుగు దారాల కిందుగా వంగి దాటాలి. మిగిలిన చోటులోనే వంట, రాట్నం, ఇద్దరు పిల్లల చదువులు, పెండ్లిచూపులు అన్నీ జరిగిపోయాయి. పిల్లలు పెండ్లిళ్లై వెళ్లినా గంగక్క నడుముకు వంగే అలవాటు పోలేదు. చుట్టాల ఇండ్లలో కూడా గడప దాటగానే తల వంచేది.

మధ్యాహ్నాలు, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుడుతూ చుడుతూ ఆమెకు కునుకు పట్టేది. సన్నటి నూలు ధూళి వెలుతురులో తేలేది, నాడె చప్పుడు దూరమయ్యేది, అప్పుడు కలలో ఒక గది తెరుచుకునేది. ఏమీ లేని గది. గోడ నుంచి గోడ దాకా చేతులు ఊపుకుంటూ నడిచేది. ఆ కలకు ఇంకే కథా లేదు, నడవడమే. మనిషి ఆశ ఎంత చిన్నదో చూడండి! మేలుకునేసరికి కాలు రాట్నానికి తగిలి ఉండేది.

అయితే ఇరుకింటికి ఒక మంచి గుణం ఉంది. అందులో పోట్లాటకు చోటు చాలదు. పొద్దున ఎన్ని మాటలు అనుకున్నా, కండె అయిపోగానే ఉరుకుందు చెయ్యి చాపాల్సిందే, గంగక్క అందించాల్సిందే. మూతి ముడుచుకుని అందించినా అందించడమే కదా. ఇంకో కండెకు మాట కలిసేది, ఆ పైదానికి నవ్వొచ్చేది.

ఈ ఏడాది ఉగాది దాటాక వీధి చివర కొందరు నేతగాళ్లు కలిసి రేకుల షెడ్డు తీసుకున్నారు. ఉరుకుందు మగ్గం విప్పి అక్కడ బిగించుకున్నాడు. గంగక్క గుంత పూడ్పించి, పైన నాపరాళ్లు పరిపించింది. ఆ రోజు గోడ నుంచి గోడకు ఎంత సేపు నడిచిందో! ఎవరైనా చూస్తే నవ్వుతారని తలుపు మూసి మరీ నడిచింది. ఆ సంబరంలోనే సంతకు పోయి ఒక నులక మంచం కొనుక్కొచ్చింది.

"ఎవర్నడిగి తెచ్చినావే?" అన్నాడు ఉరుకుందు. "మన ఇంట్లో మంచమెక్కినోళ్లెవరు?"

"ముప్పై ఏండ్లు నీ మగ్గం పక్కన ముడుసుకోని పండుకుంటి. మంచానికి గూడా నిన్నడగాల్నా?"

మామూలు పోట్లాటే. కానీ ఈసారి దానికి కావలసినంత చోటు దొరికింది. పొద్దున్నే ఆయన బుట్టెడు కండెలు, సద్దిమూట ఎత్తుకుని షెడ్డుకు పోయేవాడు. రాత్రి ఆమె మంచం మీద, ఆయన అవతలి గోడ వార చాప మీద. మధ్యన నున్నటి రాళ్లు. రోజులు గడిచాయి. గంగక్కకు మొదట పంతం, తరవాత విసుగు, ఆ తరవాత భయం పట్టుకుంది. మాటల్లేకుండా బతకడమే అలవాటైపోతే? అంతకంటే నరకం ఇంకేముంటుంది?

ఒక పొద్దున ఆమె బుట్ట అడుగున నూలు చుట్టని వట్టి గొట్టాలు పేర్చి, పైపైన మాత్రం కాసిని కండెలు సర్దింది. ఉరుకుందు చూసుకోకుండా ఎత్తుకుపోయాడు.

మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ వాకిట్లో నిలబడ్డాడు. "కండెలు అయిపోయినాయి" అన్నాడు, గోడకు చెప్పినట్టు.

"సుడతాండా. కూసో."

ఆమె కావాలనే రాట్నం మెల్లగా తిప్పింది. ఆయన చాప మీద వాలాడు. బయట మండే ఎండ, లోపల చల్లటి రాళ్లు, జోల పాడినట్టు రాట్నం రొద. అది ఏ ఏడో, తమకెంత వయసో కాసేపు ఇద్దరికీ గుర్తులేదు.

"గంగా, నాకు ఈడ నిద్ర పడతల్యా" అన్నాడు ఉరుకుందు కళ్లు తెరవకుండానే. "కాళ్లు సాపితే ఏమీ తగల్లా. యాడనో బయల్లో పండుకున్యట్లుండాది."

గంగక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మగ్గం మళ్లా ఈడికే తెద్దామా?"

"వద్దు. ఇన్నాళ్లకు నువ్వు నిటారుగా నడుస్తాండావు."

"అట్లయితే మంచమెక్కు" అంది గంగక్క.

"ఇద్దరికీ సాలదే."

"సాలినంత చోటులో మనమెప్పుడు పండుకున్యాం మామా?"

ఉరుకుందు లేచి మంచం అంచున ఒత్తిగిలి పడుకున్నాడు. గంగక్క రాట్నం ఆపి, ఆయన్ను ఇంకొంచెం జరగమంది.