హీరోయిన్‌కు వాంతి, నాకు మాత్ర

ఇప్పుడంటే తలచుకుని నవ్వుతున్నాను గానీ, కడుపుతో ఉన్న ఆ రోజుల్లో నా ముందెవరైనా నవ్వి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఫిల్మ్ నగర్‌లో హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పడం నా పని. (మీరు విన్న ఏడుపుల్లో చాలావరకు నావే.) మన సినిమాల్లో హీరోయిన్ వాష్‌బేసిన్ దగ్గరికి ఒక్కసారి పరిగెత్తి "వ్యాక్" అంటుంది, ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకుంటారు, అంతటితో సరి. నాకు మాత్రం పొద్దున లేచింది మొదలు అదే పని. మంచినీళ్ళు కూడా నిలవక, మూడో నెలకే చీపురుపుల్లలా అయిపోయాను.

"వేవిళ్ళకి మందేవిటే? మేం కనలేదూ? మాత్రలు మింగితే బిడ్డకేవన్నా అయితే?" అని మా అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కృష్ణానగర్‌లో మా ఇంటి ఓనరమ్మది ఇంకో దారి. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా కోడలికి మిగిలిన గోలీలున్నయ్, జర ఏస్కో" అని సగం వాడిన మాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టింది. ఒకరు వద్దంటారు, ఒకరు ఏదో ఒకటి మింగమంటారు. లోపలున్నది మాత్రం నా బిడ్డ. నాకు భయంగానే ఉండేది.

ఆ వారమే హీరోయిన్ వేవిళ్ళ సీను వచ్చింది. మైకు ముందు నిలబడ్డానో లేదో, నిజంగానే తన్నుకొచ్చింది. చెత్తబుట్ట పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కాను. అద్దం అవతల కూర్చున్న డైరెక్టర్ గారు, "బాలేదమ్మా. నేచురల్‌గా రాలేదు. కొంచెం అందంగా, సిగ్గుపడుతూ చెయ్యి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఇంతకన్నా నేచురల్ నా వల్ల కాదు. అందమైన వాంతి కావాలంటే ముందు ఈ వాంతి తగ్గాలి. డాక్టర్ దగ్గరికి పోతున్నా" అని హెడ్‌ఫోన్స్ అక్కడే పెట్టేసి ఆటో ఎక్కాను. దారిలో అత్తగారినీ ఎక్కించుకున్నాను, ఆవిడే స్వయంగా వినాలని.

నా బ్యాగులో ఉన్న ఓనరమ్మ అట్ట చూసి డాక్టరమ్మ, "ఇవి వేసుకున్నావా? లేదు కదా? బతికించావు. ఒకళ్ళకి రాసిన మందు ఇంకొకళ్ళు వేసుకోకూడదు" అన్నారు. బరువు చూసి సెలైన్ పెట్టించారు. "గర్భిణులు వాడదగ్గ మందులున్నాయి. ఇంకేం మందులు వాడుతున్నావో చెప్పు, చూసి రాస్తాను. చెప్పినంతే వేసుకో. మగతగా ఉండొచ్చు. మళ్ళీ నీళ్ళు నిలవకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే రా."

"బిడ్డకేం కాదు కదండీ?" అన్నారు అత్తగారు.

"తల్లి ఇలా ఎండిపోతుంటేనే నాకు భయమండీ" అన్నారు డాక్టరమ్మ.

ఇంటికొచ్చి అత్తగారి ఎదుటే మాత్ర మింగాను. అనుమానం లేకుండా నోరు తెరిచి చూపించాను కూడా (అంత పొగరు!). వాంతులు పూర్తిగా పోలేదు గానీ, నాలుగు మెతుకులు నిలిచాయి. కొన్నాళ్ళకి "మాత్ర వేసుకున్నావుటే?" అని ఆవిడే వెంటపడడం మొదలుపెట్టారు. ఓపిక వచ్చాక మళ్ళీ డబ్బింగ్ థియేటర్‌కు వెళ్ళి, సిగ్గుపడుతూ ఒక దొంగ "వ్యాక్" అన్నాను. "ఇదమ్మా నేచురల్ అంటే!" అని డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు.

మొన్న టీవీలో ఆ సినిమా వస్తుంటే మా అమ్మాయి చూసి, "అప్పుడు నేను నీ కడుపులో ఉన్నానా? ఏమంత కష్టపడ్డట్టు లేదే!" అంది. నవ్వొచ్చింది. అత్తగారి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ చీపురుపుల్ల గుర్తొచ్చి, ఆనాటి నన్ను ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలనిపించింది.