మిషన్లు ముట్టుకోని రోజు

షాదీపూర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా వీధి ఆడవాళ్లం కలిసి చొక్కాలు కుడతాం. కత్తిరించిన గుడ్డ చెన్నైలో కట్టలు కట్టి ఓడ మీద మా దీవిలోని హాడో రేవుకి పంపిస్తారు. కుట్టినవి మళ్లీ ఓడెక్కి ఏదో దేశానికి పోతాయి. దీవుల్లో కుట్టినవంటే అక్కడ గిరాకీ అట.

నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలూ, కుట్టుపనీ అమ్మే ఇంట్లో నేర్పింది. ఆ రెండు విద్యలకీ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఇంగ్లీషు రాదు కనక, చొక్కా మెడ దగ్గర కుట్టే చిన్న పట్టీ మీద ఏం రాసుందో చాలాకాలం తెలియలేదు. ఒకరోజు మా అమ్మాయి చదివింది.

"ఇది కుట్టినవాళ్లు వేళకి పని మొదలెట్టి వేళకి ముగించారంట. ఎవరినీ బలవంతపెట్టలేదంటమ్మా." అని, ఎర్రబడ్డ నా కళ్లవైపు చూసింది.

సముద్రం బాగాలేక ఓడ ఆలస్యమైనా గడువు మాత్రం వెనక్కి జరగదు. కట్టలు చెన్నైలో ఓడెక్కిన రోజు నుంచే లెక్క. ఓడ పోగొట్టిన రోజుల్ని మేం మా నిద్రలోంచి తీసి ఇచ్చేవాళ్లం. అంటే నా చేత్తో నేనే అబద్ధం కుడుతున్నాను. దీపం పెట్టినప్పుడల్లా ఒకటే అడిగేదాన్ని: ఈ పట్టీని నిజం చెయ్యి తండ్రీ, లేదా దీన్ని నా చేతికి రానీకు.

బెంగాలీ ఇరుగుపొరుగుల వల్ల మాకు విశ్వకర్మ పూజ అలవాటైంది. ఆ రోజు మిషన్లకి బొట్టు పెట్టి, పూలు వేసి, చక్రం కదపకుండా ఉంచుతాం. ఈసారి సరిగ్గా ఆ ఉదయమే మాకు పని తెచ్చిపెట్టే మనిషి చెమటలు కక్కుతూ వచ్చాడు. అందరం భయ్యా అంటాం. మంచివాడే, కానీ ఆర్డరు పోతుందన్న భయం ఎక్కువ.

"దీదీ, చెన్నై నుంచి మేడమ్ వచ్చేశారు. కంపెనీవాళ్లు చూసి రమ్మన్నారంట. కాసేపు మిషన్లు తొక్కండి, చాలు. టైముకే ఇంటికి పోతామని చెప్పండి."

"ఈవేళ ముట్టుకోం భయ్యా," అన్నాను.

"అరే, నువ్వే కూర్చో!" అంది పక్కింటి బెంగాలీ దీదీ. "సూదిలో ధాగా ఎక్కించడం ఆతా హై క్యా, వచ్చా నీకు?"

మేం నవ్వుతుండగానే మేడమ్ లోపలికొచ్చారు. పని జరగడం చూద్దామని వచ్చిన మనిషికి పూలు పెట్టిన మిషన్లు కనిపించాయి. చెప్పులు విప్పి మాతోపాటు చాప మీద కూర్చున్నారు. ప్రసాదం పెట్టాను. మిషన్ల చప్పుడు లేదు కనక మాట వినపడింది. రోజూ పని ఎప్పుడు ముగుస్తుందని హిందీలో అడిగారు. భయ్యా నావైపు చూసి కళ్లతోనే బతిమాలాడు. ఆర్డరు పోతే ఈ షెడ్డు మూతపడుతుందని నాకూ తెలుసు. అయినా మనసు నిమ్మళంగానే ఉంది.

"మేడమ్, మీరు ఫ్లైట్‌లో వచ్చారు కాబట్టి టైముకి వచ్చారు," అన్నాను నా దీవి హిందీలో, ఒక పట్టీ తీసి చేతికిస్తూ. "మీ గుడ్డ షిప్‌లో వస్తుంది. అది లేటైతే మాకు నిద్ర లేదు. మాకు దయ చూపించక్కర్లేదు. గుడ్డ హాడోలో దిగిన రోజు నుంచి గడువు లెక్కపెట్టండి. అప్పుడు ఈ పట్టీ మీద మాట నిజమవుతుంది."

బెంగాలీ దీదీ నా భుజం మీద చెయ్యి వేసింది. మేడమ్ పట్టీని చూసి, ఇంకాస్త ప్రసాదం అడిగి తిన్నారు. మాట మాత్రం ఇవ్వలేదు.

తరువాతి ఓడ తుఫాను గాలికి ఆలస్యమైంది. కట్టలు దింపించి భయ్యా హాడో నుంచే ఫోన్ చేశాడు.

"దీదీ, డేట్ ఈరోజు నుంచే అంట! కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. నేనే అడిగానని మీవాళ్లకి చెప్పండి."

"అలాగే చెప్తాలే," అన్నాను. ఆ రోజు దేవుడితోపాటు భయ్యాకీ ఓ దణ్ణం.

ఆ కట్టల్లో మొదటి చొక్కాకి పట్టీ నేనే కుట్టాను. అమ్మాయిని పిలిచి మళ్లీ చదివించుకున్నాను. చదవడం అయ్యాక, ఊడిపోకుండా దాని మీద ఇంకో కుట్టు వేశాను.