ఖాజా సారు, ర్యాప్ ఆల్బంలు, మా అమ్మ గొంతు

మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఆటో ఎక్కగానే స్పీకర్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. "చూడండి... చూడండి... చూడండి..." దడదడలాడే బీటు మీద ఆ ఒక్క మాటే తిరిగి తిరిగి వస్తోంది. సీటు కిందనుంచి ఆ మోత వెన్నులోకి పాకింది. డ్రైవరు తల ఊపుతూ హారన్ కూడా ఆ వరసకే కొడుతున్నాడు. పాట ఆపమని అరిచాను. అతను బిత్తరపోయి ఆపేశాడు. పాపం, అతని తప్పేముంది? ఆ గొంతు ఎవరిదో పాట వివరాల్లో ఎక్కడా రాసి లేదు. ఎవరిదని నలుగురి ముందు అడిగిన మనిషి ఒక్కరే. మా ఖాజా సారు.

అద్దంకి దగ్గర మా పల్లెనుంచి పోటీ పరీక్షల కోచింగ్‌కని గుంటూరు వచ్చి హాస్టల్లో ఉన్నప్పుడు ఆయన మాకు ఇంగ్లీషు చెప్పేవారు. నలభై దాటిన మనిషి. మడత నలగని చొక్కా, లావుపాటి కళ్ళద్దాలు. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో క్యారేజీ విప్పుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాత సినిమా పాటలనుకునేవాళ్ళం. ఒకరోజు సందేహం అడగడానికి వెళితే ఒక ఇయర్‌ఫోన్ నా చేతికిచ్చారు. లోపల ఎవరో అమెరికా కుర్రాడు ఊపిరి తీసుకోకుండా తిడుతున్నాడు. అది ర్యాప్ అని, ఆ ఆల్బంలో పద్నాలుగు పాటలున్నాయని, మొత్తం విని వచ్చి అభిప్రాయం చెప్పమని అన్నారు. నేను వారం పాటు విని, "బాగుంది సార్" అన్నాను.

ఆయనకు ఎంత కోపం వచ్చిందంటే, తింటున్న చెయ్యి క్యారేజీలోనే ఆగిపోయింది. "బాగుందంటే? పెసరట్టు తిన్నా బాగుందే అంటావుగా! ఎక్కడ విసుగొచ్చింది? ఎక్కడ వాడు అబద్ధం ఆడాడు? అది చెప్పు."

నాకూ ఒళ్ళు మండింది. "నాలుగో పాటనుంచీ విసుగేనండి. గొలుసులు, కార్లు, మళ్ళీ గొలుసులు. ఒట్టి గొప్పలు."

"ఏమీ లేని ఇంట్లో పుట్టినవాడు గొలుసు గురించి పాడితే గొప్పలు కాదమ్మా."

"నాలుగో పాట దాకా కాదు సార్. పదో పాటకి గొప్పలే."

ఆయన పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి మధ్యాహ్నం పూట మా ఇద్దరికీ పోట్లాటే. ఆయన నెత్తిన పెట్టుకున్న ఆల్బం నాకు నచ్చేది కాదు. నేను మెచ్చుకున్నదాన్ని ఆయన రెండు ముక్కల్లో చీల్చి పారేసేవారు. ఒకసారి మాత్రం నేను గెలిచాను. ఆయనకు ప్రాణమైన ఆల్బంలో ఆరో పాట నిండా ఆడవాళ్ళను బూతులు తిట్టడమే. ఆ పాట రాగానే ఆయన వేలు తర్వాతి పాట మీదికి పోవడం చాలాసార్లు చూశాను. "మొత్తం వినాలన్నది మీరేగా, మరి ఇది ఎందుకు దాటేస్తారు?" అని అడిగాను. ఆయన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. "సిగ్గేసి దాటేస్తున్నా," అన్నారు చివరికి. "ఇన్నేళ్ళూ అదే చేశా. నువ్వు దాటెయ్యకు. కూర్చుని విని, ఏమనిపించిందో రాయి." విద్యార్థి ముందు అలా తప్పు ఒప్పుకున్న మాస్టారిని నేను మరొకరిని చూడలేదు.

మా కోచింగ్ సెంటర్ యజమాని కొడుకు ఆరు పాటల తెలుగు ర్యాప్ ఆల్బం చేశాడు. పేరుకు రైతు మీద. అంతకుముందు ఏడాది మిరప పూత మీద నల్ల తామర పురుగు పడి మా చేను ఎండిపోయినప్పుడు, సర్వే అంటూ అతని జట్టు కుర్రాళ్ళు నలుగురు కారులో వచ్చారట. అమ్మ వాళ్ళను చేలోకి తీసుకెళ్ళి, రాలిన పూత దోసిట్లో పట్టి చూపించింది. "ఎవరూ వచ్చి చూడలేదయ్యా, మీరన్నా చూడండి," అని ఏడ్చింది. వాళ్ళు ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడుపులోంచి ఒక్క మాట కోసి దాన్ని డాన్సు పాటగా మార్చారు. ఆ పాట మొదటిసారి హాస్టల్లో విన్నాను. నా స్నేహితురాళ్ళు ఎగురుతున్నారు. నేను నోరు మెదపలేదు.

ఆల్బం విడుదల సభ సెంటర్ హాల్లోనే పెట్టారు. ఇలాంటి సంగీతం తెలిసినవారని రెండు మంచి మాటలు చెప్పమని ఖాజా సారును పిలిచారు. ఆయన మైకు పట్టుకున్నారు. "మొత్తం మూడుసార్లు విన్నానండి. బీటు బాగుంది. 'నేను రైతు బిడ్డని' అని ఈ అబ్బాయి ప్రతి పాటలోనూ చెప్పుకున్నాడు. కానీ నిజంగా చేలో నిలబడ్డ గొంతు ఒక్కటే ఉంది, ఆ 'చూడండి' అన్నది. ఆవిడ ఏడుస్తుంటే మీరు చిందులేశారు. ఆవిడ పేరేంటండి?"

"ఎవరో ఆంటీ సార్," అన్నాడు యజమాని కొడుకు. హాలంతా నవ్వింది.

నేను మూడో వరసలో కూర్చున్నాను. అమ్మ పేరు నా నాలుక మీదే ఉంది. పైకి రాలేదు. ఆ పల్లెటూరి ఏడుపు మా అమ్మదని తెలిస్తే నలుగురూ నన్నెలా చూస్తారోనని భయపడ్డాను. వారం తిరక్కుండా సారును ఉద్యోగంలోంచి తీసేశారు. క్రమశిక్షణ లేదన్నారట. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ అడగలేదు.

సెలవులకు ఇంటికి వెళితే, అప్పటికే ఆ పాట మా ఊరు చేరింది. "నేను అడుక్కుంటున్నట్టుంది కదే," అంది అమ్మ. అంతే అంది. మర్నాడే బస్సెక్కి దాచేపల్లి వెళ్ళాను. సారు అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. "ఆ గొంతు మా అమ్మదండి. కోటేశ్వరమ్మ," అన్నాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన మొహం నల్లబడింది.

"ఆ రోజు హాల్లో ఉన్నావుగా?"

"ఉన్నాను సార్."

"ఇంటికెళ్ళి రాసుకుని రా. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

ఆల్బం మొత్తం మీద, ఆరు పాటల మీదా రాసి మళ్ళీ వెళ్ళాను. ఆయన నిలబడే చదివారు. మూడో పేరా దగ్గర వేలు ఆపారు. "'కొంత అసౌకర్యంగా అనిపించింది' అని రాశావు. అసౌకర్యమా? కుర్చీ విరిగితే అసౌకర్యం. నీకు వచ్చింది కోపం. కోపం అని రాయి."

అక్కడే కొట్టేసి రాశాను. అమ్మ పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాను. చదివింది కొద్దిమందే. కానీ యజమాని కొడుకు ఫోన్ చేశాడు. "మేడం, అది మీ అమ్మగారికి గౌరవం అనుకోండి." "గౌరవమైతే పేరు పెట్టండి," అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఇప్పటికీ పేరు పెట్టలేదు. ఖాజా సారు ఆ తర్వాత రెండేళ్ళకు గుండెపోటుతో పోయారు. ఆయన్ను తీసేసిన సెంటర్ వాళ్ళు గోడ మీద ఆయన ఫోటో తగిలించి, 'మా ప్రియతమ అధ్యాపకుడు' అని రాయించారు. వెళ్ళి చూసి వచ్చాను.

అప్పటినుంచి చాలా ఆల్బంల మీద రాశాను. మొత్తం వింటాను. ఒక్క పాట కూడా దాటెయ్యను. పేరు లేని గొంతు వినిపిస్తే, అది ఎవరిదని అడుగుతాను. జవాబులు రావు. "పాటే కదండీ, ఎందుకంత కోపం?" అని మాత్రం చాలామంది అడుగుతారు. ఆ కోపం మా సారు దగ్గర నేర్చుకున్నది, తగ్గించుకునే ఉద్దేశం లేదు. అందులో సగం ఆ తండ్రీకొడుకుల మీద. మిగతా సగం, మూడో వరసలో నోరు మూసుకుని కూర్చున్న పిల్ల మీద.