వరహాలమ్మ విసురు

తాండవ రిజర్వాయరు గట్టున వరహాలమ్మ రోజూ పొద్దున్నే పొడినేల మీద వల విసురుతుంది. తెప్ప మీంచి విసరడం అక్కడ మగవాళ్ళ పని. ఆడవాళ్ళు చేపల్ని నర్సీపట్నం బజారులో అమ్ముతారు. కానీ మొగుడు అప్పన్నకు భుజం జారి, చెయ్యి పైకి లేవడం లేదు. విసిరే చెయ్యి లేని ఇంటి తెప్ప వేరే ఇంటికి పోవడం వాళ్ళ కట్టుబాటు. మరిది జోగులు దాని కోసమే చూస్తున్నాడు. అందుకే ఆమె చీర గోచీ పెట్టి, వల అంచు పళ్ళతో పట్టి, నడుము తిప్పి విసురుతుంది. నిన్న వలలో కోడి పడింది. “కూరకి కోడిని పట్టినావేటి వదినా?” అని జోగులు నవ్వాడు. “కాళ్ళున్న కోడే తప్పించుకోనేదు, కాళ్ళు నేని సేపెంత మరిదీ?” అంది.

ఈ ఉదయం నిజంగానే తెప్పెక్కింది. మొదటి రెండుసార్లూ వల మెలిపడి ముద్దలా మునిగింది. “వొచ్చీయే, రేపు సూద్దాం” అని గట్టు మీంచి అప్పన్న కేకేశాడు. “రేపు ఆ తెప్ప నాను తోల్తాన్లే” అన్నాడు పక్క తెప్ప మీంచి జోగులు. ఎవరి మాటకూ బదులు బాకీ ఉంచని వరహాలమ్మ పలకలేదు. వల అంచు పళ్ళ మధ్య ఉంది. నడుము తిప్పి విసిరింది. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడింది. జోగులు చేత్తో ఎడమ పక్కకి చూపించాడు. “నీళ్ళలో మోడుంది, అటు ఇసరకు వదినా,” అన్నాడు మెల్లగా, “వల సిరిగిపోద్ది.”