ఎవరూ నొక్కని బటన్

మెకానిక్ మామ పోయాడని పోయిన నెలలో ఆయన కూతురు పులివెందుల నుంచి ఫోను చేసింది. పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చున్నాడట. పిలిస్తే పలకలేదట. ఫోను పెట్టేసి కాసేపు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉన్నాను. తర్వాత జమ్మలమడుగులో బస్సెక్కి, ముద్దనూరు మీదుగా పోయి, మట్టి వేసి వచ్చాను.

ఆయన మన చర్చి సంఘస్థుడు కాదు. గొర్రెలు మేపుకునే వాళ్ళింట పుట్టినవాడు. మన పత్రికలో ఈ పేజీ విశ్వాసుల జ్ఞాపకాల కోసమని నాకు తెలుసు. అందుకే ముందుగా అడిగాను, రాయమన్నారు. నాన్న పోయిన తర్వాత మేం నలుగురం నిలబడటానికి దేవుడు ఎవరెవరిని వాడుకున్నాడో లెక్క చూసుకుంటే, మొదట గుర్తొచ్చే మనిషి ఆయనే. మీలో చాలామందికి ఆయన తెలియదు. కొంచెం చెప్తాను.

జమ్మలమడుగు బస్టాండు సందులో ఆయనకు చిన్న అంగడి ఉండేది. రేడియోలు, మిక్సీలు, మైకుసెట్లు బాగు చేసేవాడు. ఏ మిషను తెచ్చినా ముందు దాని పొట్టకు చెవి ఆనించి వినేవాడు. ఊపిరి సరిగా ఆడుతోందా అని గొర్రెను అట్లాగే చూస్తారని, వాళ్ళ నాయన నేర్పిన విద్య అదొక్కటే తనకు పనికొచ్చిందని నవ్వేవాడు. పక్క వీధి మనిషి కాబట్టి చిన్నప్పటి నుంచీ మాకు మామ. నేను ఆయనకు పాపను. నా తల నెరిసిన తర్వాత కూడా పాపనే.

నాన్న మిషన్ బడిలో అయ్యవారు. ఆయన పోయేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నా వెనక ముగ్గురు. కోర్టు ఎదురుగా రేకులు వేసి టీ అంగడి పెట్టాను. అవి ఎట్లాంటి ఏళ్ళో ఈ తాలూకాలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఫ్యాక్షన్ కేసుల వాయిదా రోజున జీపులు వచ్చి ఆగేవి. కోర్టు గేటుకు ఈ పక్క ఒక వర్గం, ఆ పక్క ఒక వర్గం. ఎండలో అంతమంది నిలబడినా నా అంగట్లో ఒక్కరూ టీ తాగేవాళ్ళు కాదు. ఎవరి చేతి నీళ్ళూ ఎవరూ ముట్టని కాలం. ఇంటి నుంచి ఫ్లాస్కులు తెచ్చుకునేవాళ్ళు. ఫ్లాస్కు మోసిన మనిషి ముందు తను తాగి చూపించాలి.

నెలరోజులు చూసి మామ అన్నాడు: “వీళ్ళకు మనిషి చెయ్యి అంటేనే భయం పాపా. చెయ్యి లేనిదాన్ని పెడదాం.”

ప్రొద్దుటూరులో ఒక సినిమాహాలు వాళ్ళు తీసేసిన టీ కాఫీ మిషను ఉంటే, దాన్ని లగేజీ ఆటోలో వేసుకొచ్చాడు. బీరువా అంత పొడవు. లోపల నీళ్ళు కాగే బాయిలరు, దాని పైన మూడు పొడి డబ్బాలు. ముందు మూడు బటన్లు: టీ, కాఫీ, పాలు. బటన్ నొక్కితే ఆ డబ్బాలో మర తిరిగి పొడి జారుతుంది, వేడినీళ్ళలో కలిసి కప్పులో పడుతుంది. మధ్యలో నా చెయ్యి లేదు. మామ అంగడి ముందు మిషను తలుపు తీసి, ఎవరు అడిగితే వాళ్ళకు లోపలంతా చూపించాడు.

మరుసటి వాయిదాకు ఒక వర్గం వాళ్ళు ముందుగా వచ్చి టీ నొక్కారు. అది చూసి రెండో వర్గం వాళ్ళు కాఫీ నొక్కారు. అంతే. ఎవరూ పెట్టని కట్టుబాటు అది, ఎవరూ తప్పలేదు. టీ వాళ్ళది జమ్మలమడుగులో పైచేయి, అధికారమూ వాళ్ళదే. అందుకని ఊళ్ళోవాళ్ళందరూ మామూలు రోజుల్లో టీయే నొక్కేవాళ్ళు. మాకు ఏ వర్గంతోనూ పని లేదనుకునే కోర్టు గుమాస్తాలు, బంట్రోతులు పాలు తాగేవాళ్ళు. జ్వరమొచ్చినవాళ్ళలా పొద్దున, సాయంత్రం పాలు. కాఫీ మాత్రం వాయిదా రోజున ఆ వర్గం వాళ్ళే. నాకు ఇదంతా కనబడుతూనే ఉంది. బేరం జరుగుతోంది కదా అని ఊరుకున్నాను.

వానాకాలంలో ఒక వాయిదా రోజున కాఫీ వర్గం పెద్దాయన వచ్చి బటన్ నొక్కాడు. వట్టి వేడినీళ్ళు పడ్డాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. పక్కన టీ నురగతో వస్తోంది. ఆయన కప్పు నేల మీద వంచి, తన మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మామ అదే సాయంత్రం వచ్చాడు. టెస్టు బల్బు పెట్టి చూస్తే కరెంటు బటన్ దాకా వస్తోంది, బటన్ నుంచి మోటారు దాకా పోతోంది. మర మాత్రం తిరగడం లేదు. మోటారు నీరసపడిందని తేల్చి, డబ్బా దించి దులిపి, పాత మోటారు తీసి తన దగ్గరున్న ఇంకొకటి బిగించాడు. కాఫీ వచ్చింది. పది కప్పులు తీసి చూశాం, పదీ బాగున్నాయి. ఆ వర్గం వాళ్ళకు మనిషిని పెట్టి కబురు చేశాడు, బాగైందని, తన మాట అని.

పదిహేను రోజులకు వాళ్ళు వచ్చారు. పెద్దాయన బటన్ నొక్కాడు. వేడినీళ్ళు.

“అన్ని దినాలూ పని చేస్తాది, మా వాయిదా దినమే చెడిపోతాదా?” అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. ఆయన వెనక ఒక మనిషి రాయి ఎత్తుకున్నాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు. “నీ మీద కోపం కాదులేమ్మా. ఎవురో నీ చేత చేయిస్తాండారు. వచ్చే వాయిదాకు గూడా ఇట్లనే ఉంటే మిషనూ ఉండదు, అంగడీ ఉండదు.”

ఆ అంగడి లేకపోతే మాకు ఇంకో దారి లేదు. తమ్ముళ్ళిద్దరూ చదువుతున్నారు. చెల్లెలు పదో తరగతి. అమ్మ అంగడి ఎత్తేద్దామంది. నేను మామ దగ్గరికి పోయాను. ఆయన స్టూలు మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. మాట పోయింది ఆయనది కూడా.

“తప్పు నాదే పాపా,” అన్నాడు. “ఒకసారికి ఒకటే మార్చల్ల. నేను మోటారు మార్చినా, డబ్బా దులిపినా. దేంతో బాగైందో తెలీకుండానే బాగైందని చెప్పినా.”

తర్వాత పాత మోటారు తెచ్చి మళ్ళీ బిగించాడు. డబ్బా శుభ్రం చేసి కొత్త పొడి పోసి నొక్కితే, ఆ పాత మోటారుతోనే కాఫీ వచ్చింది. ఎవరూ కాఫీ ముట్టొద్దన్నాడు. ముట్టేవాళ్ళు ఎటూ లేరు. ఇక రోజూ పొద్దున తన అంగడి తెరవక ముందే వచ్చి, డబ్బా మూత తీసి, రెండు వేళ్ళతో పొడిని పట్టి చూసి పోయేవాడు. మొదటి రోజు పొడి పిండిలా జారింది. మూడో రోజుకు తడి ఉప్పులా అయింది. ఆరో రోజుకు డబ్బా మూతి దగ్గర బెల్లం గడ్డలా పట్టుకుంది. అప్పుడు బటన్ నొక్కాడు. మర గుర్రుమంది, తిరగలేదు. వేడినీళ్ళు వచ్చాయి. ఆయన ముఖంలో వెలుగు చూసి, చెడిపోయిన దాన్ని చూసి ఇంత సంతోషపడే మనిషి ఉంటాడా అనుకున్నాను.

బాయిలరు ఆవిరి పైకి లేచి డబ్బాల్లోకి పోతోంది. ఆ ఆవిరిని బయటికి లాగే చిన్న ఫ్యాను పాతదై ఎప్పుడో పోయింది. అట్లాంటిది ప్రొద్దుటూరులో వెతికాడు, కడపలో వెతికాడు, దొరకలేదు. టీ పొడి, పాలపొడి రోజూ జారుతుంటాయి కాబట్టి గడ్డ కట్టే తీరిక వాటికి లేదు. కాఫీ పొడి ఒక వాయిదా నుంచి ఇంకో వాయిదా దాకా కదలదు.

“మోటారుది కాదు తప్పు,” అన్నాడు మామ. “దినానికి నలుగురు కాఫీ తాగితే దీనికి ఏ రోగమూ రాదు. ఇంత ఊళ్ళో నలుగురు ల్యాకపోయిరి.”

రోజూ పొద్దున నేనే నాలుగుసార్లు నొక్కి పారబోస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. “ఎవురన్నా చూస్తే, వాళ్ళ కాఫీ మోరీలో పోస్తాందంటారు. అది ఇంకా చేటు. తాగాల్సిందే.”

ఎవరు తాగుతారని అడిగాను. ఆయన గడ్డను తవ్వి దాచి, డబ్బాలో కొత్త పొడి పోసి, కప్పు తీసుకుని బటన్ నొక్కాడు.

మామకు ఇష్టం టీ, కాఫీ పడదు. తాగితే కడుపులో మంట. కళ్ళు మూసుకుని కషాయం తాగినట్టు తాగాడు. రెండోది నొక్కాడు. నేను చూస్తూ నిలబడ్డాను. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నారు. నాకు భయంగానే ఉంది. మనసులో ప్రార్థన చేసుకుని మూడోది నొక్కాను. కాఫీ కోసం ప్రార్థన చేసుకున్న మనిషి ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. నాలుగోది కూడా నేనే తాగాను.

మరుసటి రోజు నుంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు, పూటకు ఆయనొకటి, నేనొకటి. ఆయన లోపల కూర్చుని తాగేవాడు కాదు. బయటికి వచ్చి, రోడ్డుకు ఎదురుగా నిలబడి తాగేవాడు.

టీ వాళ్ళలో ఒకడు సైకిలాపి అడిగాడు: “ఏంది మామా, కాఫీ పార్టీలో చేరినావంట?”

“చేరినాప్పా. మా పార్టీలో ఒక్కడే. అధ్యక్షుడూ నేనే, జెండా మోసేదీ నేనే.”

వాడు నవ్వాడు గానీ, వాడిని పంపినవాళ్ళు నవ్వలేదు. మీటింగులకు మామ దగ్గర అద్దెకు తీసుకునే మైకుసెట్లు ఆ వారం నుంచే ఆపేశారు. ఆయన అంగడికి సగం బలం ఆ మైకులే. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. మూలన ముసుగేసి పెట్టిన లౌడుస్పీకర్లు చూసి నేనే తెలుసుకున్నాను. మానేద్దాం మామా అన్నాను. “మిషను బాగయ్యేదాకా మెకానిక్ పోగూడదు పాపా,” అన్నాడు.

వాయిదా రోజు వచ్చింది. ఆ పొద్దున నేను నూట ఇరవై ఒకటో కీర్తన చదువుకుని అంగడి తీశాను. మామ అప్పటికే వచ్చి మిషను తలుపు బార్లా తెరిచి పెట్టాడు. రెండు వర్గాలూ దిగాయి. కాఫీ వర్గం పెద్దాయన వస్తుంటే మామ ఎదురుపోయాడు. దాచిపెట్టిన గడ్డ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

“ఎవురూ ఏమీ కలపలేదప్పా. ఇది మీ కాఫీనే. మీరు తప్ప ఎవురూ తాగక ఇట్లయింది. మీరంటే భయపడి గాదు, ఆ పక్కోళ్ళు ఏమనుకుంటారో అని.” ఆ మాట అటు పక్కకు కూడా వినబడేలా అన్నాడు. “మొదటిసారి నేను తెలీకుండా బాగైందని చెప్పినా. ఆ తప్పు నాది, ఆ పాపది గాదు.”

పెద్దాయన గడ్డను గోటితో గీకి వాసన చూశాడు. కొంచెం నాలుక మీద వేసుకున్నాడు. ఎక్కడా దేన్నీ అట్లా నోట్లో పెట్టుకోని మనిషి ఆయన. అడుగు ముందుకేసి బటన్ నొక్కాడు. మర తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. కాఫీ నిండుగా పడింది. ఆయన తాగి, కప్పు కింద పెట్టి, చక్కెర ఎక్కువైందన్నాడు. అంతకంటే మంచి మాట నా జీవితంలో వినలేదు.

దాంతో వర్గాలు కలిసిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా బాంబులు పడ్డాయి, మనుషులు పోయారు. ఆ పెద్దాయన కూడా ఆ ఏడాది తిరగకముందే పోయాడు. నా అంగడి మాత్రం నిలిచింది. తమ్ముళ్ళు, చెల్లెలు ఆ అంగడి మీదే చదువుకున్నారు.

మామ కాఫీ తాగడం ఆపలేదు. వాన పోయి, చలి వచ్చి, మళ్ళీ ఎండలు ముదిరాయి. రోజుకు రెండు కప్పులు, రోడ్డుకు ఎదురుగా. కడుపు నొప్పికి జేబులో తెల్ల మాత్రలు పెట్టుకుని తిరిగేవాడు. ఈలోగా ఒకరిద్దరు వచ్చారు. పాలు తాగీ తాగీ విసిగిన గుమాస్తా ఒకాయన, అటూ ఇటూ చూసి మొదటిసారి కాఫీ నొక్కాడు. వారం తర్వాత ఇంకొకాయన. చాపాడు నుంచి పొలం కాగితాల కోసం వచ్చిన ఒకావిడకైతే ఈ గొడవ ఏదీ తెలియదు. మూడు బటన్లూ చూసి, తనకిష్టమైనది నొక్కుకుని, మెట్టు మీద కూర్చుని తాగి పోయింది. ఆమె వెనకాలే ఆటోవాళ్ళు.

ఒక సోమవారం, వాయిదా లేని రోజు, మామ వచ్చేసరికి కాఫీ బటన్ దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచి తొమ్మిదిమంది తాగారని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆ ముగ్గురూ పోయేదాకా ఆగి, డబ్బా మూత తీసి రెండు వేళ్ళు పెట్టి చూశాడు. పొడి పిండిలా జారింది. మూత పెట్టి, చొక్కాకు వేళ్ళు తుడుచుకున్నాడు. కప్పు తీసుకుని మిషను ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత టీ నొక్కాడు.

ఆ రోజు ఆయన బయటికి పోలేదు. లోపల బల్ల మీద, రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని, రెండు చేతులతో కప్పు పట్టుకుని, ఊదుకుంటూ, చివరి గుక్క దాకా నిదానంగా తాగాడు.