నలభై ఒకటో షరతు

మా పెదనాన్న ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టరు. ఈ మాట చాలామంది తమ గురించి చెప్పుకుంటారు. పెదనాన్న విషయంలో అది నిజం, చిక్కంతా అక్కడే ఉంది. పార్సిలు తెచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, రసీదు వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలను భూతద్దంతో చదివి, "ఏ బాధ్యతా వహించమని రాసుకున్నారు. బాధ్యత లేని వస్తువు నాకెందుకు?" అని తిప్పి పంపారు ఒకసారి. పార్సిల్లో ఉన్నది ఆయన కొత్త కళ్ళజోడు.

పెళ్ళినాడు రిజిస్టరు ముందు కలం పట్టుకుని, "షరతులు ఎక్కడున్నాయి?" అని అడిగారట. "ముందు సంతకం పెట్టండి, తర్వాత చెబుతాను" అందట పెద్దమ్మ. ముప్పై నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది.

ఆయన ఉద్యోగమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడంలోనే గడిచింది. అక్కడి పద్ధతి ప్రకారం ఒకరు మూలప్రతిని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి; మరొకరు అచ్చయిన కాగితాన్ని పెన్సిలుతో వెంబడించాలి. రిటైరయ్యాక వెంబడించడానికి కాగితాలు కరువై, ఆయన వీధి మీద పడ్డారు. ఎవరింట్లో కొత్త ఒప్పందం కనిపించినా, "అచ్చుతప్పులుంటాయి, ఇలా ఇవ్వండి" అని చొరవగా లాక్కునేవారు. సామాజిక పరిశోధనలో శిక్షణ పొందినదాన్ని కనుక నేనూ ఊరుకోలేదు. "ఈయన వృత్తిని వదిలినా, వృత్తి ఈయన్ని వదలలేదు" అని నోటుపుస్తకంలో రాసుకుని, విషయం తేలిపోయిందనుకున్నాను.

కింది వాటాలో బట్టలు కుట్టే అక్కయ్య ఉంటుంది. వాళ్ళ మామగారికి టీవీలో కుస్తీపోటీలంటే ప్రాణం. ఎనభై ఐదో ఏట, కుస్తీ ఛానెళ్ళ కోసం మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆశావాది ఆయన. ఏడాదికే పోయారు. ఒప్పందం మాత్రం పోలేదు. కనెక్షను తీసేయమని అక్కయ్య వెళితే, సంతకం పెట్టినాయన స్వయంగా వచ్చి అడగాలన్నారు. రాలేరని చెబితే, అయితే మిగిలిన రెండేళ్ళకూ ముందస్తు రద్దు రుసుము కట్టాలన్నారు. అది కట్టాలంటే ఆమెకున్న రెండు మిషన్లలో ఒకటి అమ్మాలి. రెండో మిషను మీద ఆమె చెల్లెలు కుడుతుంది. అది పోతే చెల్లెలికి పని పోతుంది.

పెదనాన్న ఈ సంగతి విని, "ఆ కాగితంలో అచ్చుతప్పులుంటాయి, ఇలా ఇవ్వమ్మా" అన్నారు.

"పద్నాలుగు పేజీలు బాబాయిగారూ."

"పద్నాలుగేనా?" అన్నారు, కాస్త నిరుత్సాహంగా.

రెండు రోజులు చదివారు. మూడో రోజు పొద్దున అక్కయ్యనూ నన్నూ వెంటబెట్టుకుని టీవీ కంపెనీ ఆఫీసుకు బయలుదేరారు. కౌంటరు ఒకటే, కుర్చీలు ఆరు, జనం పాతికమంది. మా వంతు రాగానే ఆయన పెన్సిలు తీశారు.

"నలభై ఒకటో షరతు చూడమ్మా" అన్నారు కౌంటరు అమ్మాయితో. "వినియోగదారు కుటుంబం కోరినప్పుడు, కంపెనీ ప్రతినిధి ఒప్పందం మొత్తం చదివి వినిపించాలని ఉంది. ఈవిడ కోరుతున్నారు."

ఆ అమ్మాయి పేజీ తిప్పి చూసింది. నిజంగానే ఉంది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్."

"నువ్వు చదువు, నేను చూసుకుంటాను. కామాలతో సహా."

"కామాలా?"

"కామా వదిలేస్తే నేనెక్కడున్నానో నాకు తెలియదు."

చదవడం మొదలైంది. "కంపెనీ, కామా, ముందస్తు సమాచారం లేకుండా, కామా, సేవా రుసుమును పెంచవచ్చును, ఫుల్‌స్టాపు." వరుసలోని జనం మొదట విసుక్కున్నారు, తర్వాత గొణిగారు, ఐదో పేజీకి చెవులు రిక్కించారు. ఎందుకంటే అందరూ సంతకం పెట్టింది అదే ఒప్పందం మీద, చదివినవాళ్ళు లేరు.

"పెంచిన రుసుము గురించి వినియోగదారుడు మౌనంగా ఉన్నచో, కామా, అంగీకరించినట్లే, ఫుల్‌స్టాపు."

"అంటే నేను నిద్రపోతున్నప్పుడు కూడా ఒప్పుకుంటూనే ఉన్నానా?" అన్నాడు వెనకాల ఒక పెద్దమనిషి.

"గురక పెట్టండి, మౌనం కిందకు రాదు" అన్నారు పెదనాన్న, పెన్సిలు ఎత్తకుండానే.

"ఇందాకటి బాక్సు నిర్వహణ రుసుము మళ్ళీ చదువమ్మా" అని ఒకావిడ ముందుకొచ్చింది. "మా బాక్సు పనిచేసి ఆరు నెలలైంది. దేన్ని నిర్వహిస్తున్నారు?"

తొమ్మిదో పేజీకి వరుస చెదిరి, కౌంటరు చుట్టూ సభ అయింది. ఫీజు కట్టడానికి వచ్చినవాళ్ళు డబ్బు జేబుల్లో పెట్టేసుకున్నారు. అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుని మేనేజరు వచ్చారు.

"పెద్దాయనా, మీకేం కావాలి?"

"ఇంకా ఐదు పేజీలు కావాలి."

"అది కాదండీ. ఈమె కనెక్షను రద్దు చేస్తాను. రుసుము అక్కర్లేదు. బాక్సు ఇచ్చేయండి చాలు."

"రాసివ్వండి."

ఆయన రాసిచ్చారు. పెదనాన్న చదివి, "తేదీ లేదు" అని వెనక్కిచ్చారు. తేదీ వేశాక, "ముద్ర లేదు" అన్నారు. ముద్ర పడ్డాక కాగితం అక్కయ్య చేతిలో పెట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఏదో అనబోతే, "నీకోసమేం రాలేదమ్మా, తొమ్మిదో పేజీలో పేరా విరుపు సరిగా లేదు, అందుకొచ్చాను" అని విసవిసా మెట్లు దిగారు.

ఇంటికొచ్చాక నాకు అనుమానం వచ్చి ఆయన బీరువాలోని ఫైలు తీసి లెక్కపెట్టాను. అద్దెవి, అప్పులవి, టీవీలవి కలిపి ముప్పై ఒక్క ఒప్పందాల నకళ్ళు. ఆయన పేరున్నది ఒక్కటీ లేదు. అసలు ఆ ఇంట్లో టీవీయే లేదు.

"మరి అచ్చుతప్పులు?" అన్నాను పెద్దమ్మతో.

"నాకు అర్థం కాలేదు, చదివిపెట్టండి అని నోరు తెరిచి అడగడానికి ఎంతమందికి మొహం చెల్లుతుందే? ఆయనే పిచ్చివాడైతే వాళ్ళకి ఆ బాధ ఉండదు" అంది పెద్దమ్మ, చాలా మామూలుగా.

నోటుపుస్తకంలో నా వాక్యాన్ని కొట్టేశాను.

ఆ ఆదివారం తలుపు చప్పుడైంది. కంపెనీ కౌంటరు అమ్మాయి. చేతిలో ఒక కవరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఇటుగా వెళుతూ వచ్చాను సార్. ఇది మా కంపెనీవాళ్ళు నాకిచ్చిన ఉద్యోగం కాగితం. ఊరికే..."

"అచ్చుతప్పులుంటాయి, ఇలా ఇవ్వు" అన్నారు పెదనాన్న.

కుర్చీ లాగి కూర్చోబెట్టారు. రెండో పేజీలో ఆయన పెన్సిలు ఆగింది.

"ఆదివారమైనా సరే, పిలిస్తే పనికి రావాలని రాశారే?"

"అవును సార్. ఏ నిమిషమైనా ఫోను చేస్తారు."

పెదనాన్న చెయ్యి చాచారు. "ఆ ఫోను ఇలా ఇవ్వు. వాళ్ళు చేస్తే నేను మాట్లాడతాను. నువ్వు కాఫీ తాగు."